ఇంటి నుంచే యూనివర్సిటీ పోర్టల్‌లోకి వెళ్లడం ఎలా?

పోర్టల్ తెరవడానికి ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. అందులో మీ పేరు కింద నమోదైన ఫోను నంబరు ఎవరిది? మీదేనా? నాన్నదా, అన్నదా? లేక అడ్మిషన్ల రోజుల్లో మీ దరఖాస్తు నింపిపెట్టిన నెట్ సెంటర్ వాళ్లదా? జవాబు వెంటనే తట్టకపోతే మిగతా పనులన్నీ ఆపి ముందు దాని సంగతి చూడాలి.

నేను హనుమకొండలో ఒక డిగ్రీ కళాశాల కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేస్తాను. పరీక్ష ఫీజు గడువు దగ్గరపడిన ప్రతిసారీ నా బల్ల చుట్టూ పిల్లలు మూగుతారు. అందరి మాటా ఒకటే: "సార్, లాగిన్ కావడం లేదు." కాస్త తరచి చూస్తే, పాస్‌వర్డ్ మరిచిపోవడం పెద్ద చిక్కే కాదని తెలుస్తుంది. మరిచిపోతే కొత్తది పెట్టుకోవచ్చు. కొత్తది పెట్టుకోవడానికి వచ్చే ఓటీపీ మరొకరి ఫోనుకు వెళ్తోంది. చిక్కంతా అక్కడే ఉంది.

ఏటూరునాగారం అవతలి ఊరి నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన ఒక అమ్మాయి నాకు బాగా గుర్తుంది. ఫీజు కట్టడానికి అదే ఆఖరి రోజు. 'పాస్‌వర్డ్ మరిచిపోయాను' అన్నచోట నొక్కితే తెర మీద ఫోను నంబరు కనబడింది. మొదటి ఆరు అంకెల చోట చుక్కలు, చివర నాలుగు అంకెలు. ఆ అమ్మాయి నోటుపుస్తకం చివరి పేజీ తెరిచి, బాపు నంబరు, అన్న నంబరు, పెద్దమ్మ కొడుకు నంబరు, పక్కింటివాళ్ల నంబరు ఒకదాని కింద ఒకటి రాసి, ఒక్కోదాని చివర నాలుగు అంకెల కింద గీత గీసి పోల్చి చూసుకుంది. ఏదీ కలవలేదు. రెండేళ్ల కిందట దరఖాస్తు నింపినతను తన నంబరే వేసేశాడు. ఆ కొట్టు ఇప్పుడు అక్కడ లేదు. నంబరు మార్పించుకుని వచ్చేసరికి గడువు దాటింది, ఆలస్య రుసుము కట్టక తప్పలేదు. వంద కిలోమీటర్ల దూరం నుంచి రెండుసార్లు వచ్చిన బస్సు ఛార్జీలు దానికి అదనం. ఇంట్లో కూర్చుని పది నిమిషాల్లో అయిపోయే పని అది. అందుకే ఈ వివరాలన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

పదో తరగతి మెమో, యూనివర్సిటీ ఇచ్చిన హాల్ టికెట్ నంబరు, నమోదైన సిమ్ ఉన్న ఫోను, ఒక పెన్ను, కాగితం. మెమో ఎందుకంటే, చాలా పోర్టళ్లు పుట్టిన తేదీ అడుగుతాయి. ఆధార్‌లో ఒక తేదీ, మెమోలో ఒక తేదీ ఉన్నవాళ్లు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. కళాశాలలో మీ వివరాలు పదో తరగతి మెమో చూసే నమోదు చేస్తారు కాబట్టి ముందు ఆ తేదీతోనే ప్రయత్నించండి. పేరు విషయంలోనూ అంతే. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటే పోర్టల్‌లోనూ అలాగే ఉంటుంది.

నంబర్ల దగ్గర మొదటి సంవత్సరం పిల్లలు బాగా తికమకపడతారు. పదో తరగతి హాల్ టికెట్, ఇంటర్ హాల్ టికెట్, దోస్త్ ఐడీ, కళాశాల అడ్మిషన్ నంబరు, స్కాలర్‌షిప్ కోసం ఈ-పాస్‌లో వచ్చిన దరఖాస్తు నంబరు, ఆపైన యూనివర్సిటీ హాల్ టికెట్ నంబరు. ఇన్నింటిలో పోర్టల్‌కు పనికొచ్చేది సాధారణంగా చివరిదే. దోస్త్ అన్నది 2016 నుంచి డిగ్రీ సీట్ల కేటాయింపు కోసం నడుస్తున్న పద్ధతి. దాని ఐడీ, ఆరు అంకెల పిన్ కళాశాలలో సీటు వచ్చేవరకే. వాటితో యూనివర్సిటీ పోర్టల్ తలుపు తెరుచుకోదు. అలాగని దోస్త్ కాగితాన్ని పారేయకండి, ఫైల్లో ఉంచండి. ఏ నంబరు దేనిదో ఒక కాగితం మీద వరుసగా రాసి, ఆ కాగితాన్ని ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. నంబర్లు ఫొటో తీయవచ్చు, పాస్‌వర్డును మాత్రం తీయకండి.

అసలు చిరునామా ఏది?

గూగుల్‌లో 'డిగ్రీ రిజల్ట్స్' అని కొట్టగానే పైన కనబడేవన్నీ యూనివర్సిటీవి కావు. ప్రకటనల డబ్బు కోసం నడిచే పేజీలే ఎక్కువ. వాటిలో హాల్ టికెట్ నంబరు, ఫోను నంబరు, పుట్టిన తేదీ నింపేసి, పేజీ తెరుచుకోలేదని బాధపడేవాళ్లను రోజూ చూస్తుంటాను. పేజీ తెరుచుకోకపోవడం అటుంచి, మీ వివరాలు ఎవరి చేతికో చేరాయి.

కాబట్టి చిరునామాను బ్రౌజర్‌లో స్వయంగా టైపు చేయడం నేర్చుకోండి. కాకతీయ విశ్వవిద్యాలయానిది 'కాకతీయ' తర్వాత 'డాట్ ఏసీ డాట్ ఇన్'. వరంగల్ ఎన్‌ఐటీది 'ఎన్‌ఐటీడబ్ల్యూ' తర్వాత మళ్లీ అదే తోక. ఈ 'ఏసీ డాట్ ఇన్' అన్న తోక అడిగిన ప్రతివాళ్లకూ ఇవ్వరు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎర్నెట్ ఇండియా, విద్యాసంస్థ అని నిర్ధారించుకున్నాకే కేటాయిస్తుంది. వరంగల్‌లోనే ఉన్న కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం చిరునామా 'తెలంగాణ డాట్ గవ్ డాట్ ఇన్' అని ముగుస్తుంది, అది ప్రభుత్వ చిరునామా. శాతవాహన, తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో చదువుతున్నవాళ్లు తమ కళాశాల నోటీసు బోర్డు మీదో, హాల్ టికెట్ మీదో ఉన్న చిరునామాను చూసి టైపు చేయండి.

చిరునామాను ఎప్పుడూ కుడి నుంచి ఎడమకు చదవాలి. 'డాట్ ఇన్' లేదా 'డాట్ కామ్' తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి రండి. గీతకు ఆనుకుని ఉన్న ముక్కే ఆ పేజీ అసలు యజమాని ఎవరో చెబుతుంది. మొదట్లో 'కాకతీయ' అని ఎంత పెద్దగా రాసి ఉన్నా, తోక వేరే ఉంటే ఆ ఇల్లు వేరేవాళ్లదే. చిరునామా పక్కన తాళం బొమ్మ ఉంది కదా అని నమ్మేయకండి. మీ ఫోనుకూ ఆ పేజీకీ మధ్య వెళ్లే వివరాలను దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే ఆ తాళం చెబుతుంది. అవతల ఉన్నది ఎవరో అది చెప్పదు, మోసగాళ్ల పేజీలకూ తాళం ఉంటుంది.

ఇంకొక్క మాట. పరీక్షల విభాగం పనులు, ఫలితాలు, ఫీజు చెల్లింపు ఒక్కోసారి వేరే చిరునామాలో ఉంటాయి. అవీ నిజమైనవే కావచ్చు. నిజమో కాదో తేల్చుకోవడానికి దారి ఒక్కటే: యూనివర్సిటీ ప్రధాన పేజీ తెరిచి, అందులో ఉన్న లింకు మీదుగా అక్కడికి వెళ్లండి. వాట్సాప్ గ్రూపులో స్నేహితుడు పంపిన లింకు నుంచి నేరుగా వెళ్లకండి. స్నేహితుడు మంచివాడే, అతనికి ఆ లింకు పంపిందెవరో మనకు తెలియదు. సరైన పేజీ దొరికాక బ్రౌజర్‌లో నక్షత్రం గుర్తు నొక్కి దాచుకుంటే మళ్లీ వెతుక్కునే పని ఉండదు.

మొదటిసారి లోపలికి

కొన్ని పోర్టళ్లలో విద్యార్థి ఖాతాను యూనివర్సిటీవాళ్లే ముందుగా తయారుచేసి ఉంచుతారు. యూజర్ ఐడీగా హాల్ టికెట్ నంబరు, తొలి పాస్‌వర్డుగా పుట్టిన తేదీ పెడుతుంటారు. మరికొన్నింటిలో 'కొత్త విద్యార్థి' అన్నచోట నొక్కి మనమే నమోదు చేసుకోవాలి. మీది ఏ రకమో లాగిన్ పేజీలోనే రాసి ఉంటుంది. హడావుడి పడకుండా ఆ రెండు వాక్యాలు చదవండి.

పుట్టిన తేదీని ఏ వరుసలో అడుగుతున్నారో చూడండి. రోజు, నెల, సంవత్సరం అన్న వరుసే మనకు అలవాటు. కొన్ని పేజీలు మధ్యలో గీతలు అడుగుతాయి, కొన్ని గీతలు లేకుండా ఎనిమిది అంకెలు కలిపి రాయమంటాయి. మే నెలను ఉత్త 5 అని కాకుండా 05 అని రాయాలి. క్యాలెండర్ బొమ్మ తెరుచుకుంటే సంవత్సరం మీద నొక్కండి, సంవత్సరాల పట్టిక వస్తుంది. అది తెలియక 2006కు చేరడానికి నెలలన్నీ ఒక్కొక్కటే వెనక్కి జరుపుతూ కూర్చునేవాళ్లు ఉన్నారు.

తొలి పాస్‌వర్డు పుట్టిన తేదీ అయితే, లోపలికి వెళ్లిన మొదటి నిమిషంలోనే దాన్ని మార్చేయండి. హాల్ టికెట్ నంబర్లు నోటీసు బోర్డు మీద అంటిస్తారు, పరీక్ష గదిలో బల్లల మీద రాస్తారు. మీ పుట్టినరోజు మీ తరగతి మొత్తానికీ తెలుసు. ఈ రెండూ తెలిసిన ఎవరైనా మీ ఖాతాలోకి వెళ్లగలరు.

నమోదులో ఫోను నంబరు అడిగిన చోట మీ నంబరే ఇవ్వండి. మీకు సొంత ఫోను లేకపోతే ఇంట్లోనే ఉండే, ప్రతి నెలా రీచార్జి అయ్యే నంబరు ఇవ్వండి. అమ్మ ఫోను చాలావరకు మంచిది. అన్న నంబరు ఇచ్చేముందు ఒక్క క్షణం ఆలోచించాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఇళ్లలో అన్నలు గల్ఫ్‌కు వెళ్తుంటారు, సిమ్ కూడా వాళ్లతోనే విమానం ఎక్కుతుంది. అక్కడ రోమింగ్ లేకపోతే ఆ సిమ్‌కు ఏదీ రాదు. వచ్చినా, అన్న డ్యూటీ దిగి ఫోను చూసుకునేసరికి ఓటీపీ గడువు ముగిసిపోతుంది.

ఈమెయిల్ కూడా మీ సొంతమే ఉండాలి. లేకపోతే ఇప్పుడే ఒకటి తెరవండి, ఉచితమే. ముద్దుపేర్లు, సినిమా హీరోల పేర్లు కాకుండా మీ పేరుతోనే తెరిస్తే రేపు ఉద్యోగ దరఖాస్తుకూ అదే పనికొస్తుంది. ఆండ్రాయిడ్ ఫోను వాడుతున్నారంటే అందులో ఒక జీమెయిల్ ఇప్పటికే ఉండి ఉంటుంది. అది ఫోను అమ్మిన కొట్టులో వాళ్లు తెరిచిపెట్టినదైతే దాని పాస్‌వర్డు మీకు తెలియదు కాబట్టి కొత్తది తెరవడమే మంచిది.

పాస్‌వర్డుకు నేను పిల్లలకు చెప్పే పద్ధతి ఇది. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు తెలుగు మాటలు తీసుకోండి. ఒకటి మీ ఊరి చెరువు గట్టు మీద కనబడేది, ఒకటి వంటింట్లోది, ఒకటి బడిలోది. వాటిని ఇంగ్లిషు అక్షరాల్లో కలిపి రాసి, మధ్యలో ఒక అంకె, ఒక గుర్తు, ఒక పెద్దక్షరం పెట్టండి. పొడుగ్గా ఉంటుంది, మీకు గుర్తుంటుంది, ఊహించడం ఇతరులకు కష్టం. పేరు, పుట్టిన సంవత్సరం కలిపి పెట్టేది మాత్రం వద్దు, అందరూ ముందు ప్రయత్నించేది దాన్నే.

గుర్తుండదనుకుంటే నోటుపుస్తకంలో రాసుకోండి, తప్పేమీ లేదు. ఇంట్లో బీరువాలో ఉన్న నోటుపుస్తకం వాట్సాప్‌లో పంపుకున్న మెసేజీ కంటే ఎంతో భద్రం. రాసేటప్పుడు సున్నాకు అడ్డంగా గీత కొట్టండి, లేకపోతే ఆరు నెలల తర్వాత అది సున్నానో, ఇంగ్లిషు 'ఓ' అక్షరమో మీకే తెలియదు. ఒకటి అంకెకు కింద పీట గీయండి, చిన్న 'ఎల్' అక్షరాన్ని వంపుతో రాయండి. పెద్దక్షరం కింద గీత పెట్టండి.

సరైనదే కొడుతున్నాను, తీసుకోవడం లేదు

ఈ మాట అన్నప్పుడు పిల్లలు నిజమే చెబుతుంటారు. వాళ్లు కొట్టింది సరైనదే, ఫోను దాన్ని మార్చేస్తుంది. కీబోర్డు తనంతట తానే మొదటి అక్షరాన్ని పెద్దక్షరం చేస్తుంది. మాట చివర తెలియకుండా ఒక ఖాళీ వదులుతుంది. వాట్సాప్ నుంచి హాల్ టికెట్ నంబరు కాపీ చేసి అతికిస్తే దాని వెనకా ఒక ఖాళీ రావచ్చు. అందుకే గడిలో చివరిదాకా వెళ్లి, వెనక్కి చెరిపే మీటను ఒక్కసారి నొక్కి చూడండి. కనబడే అక్షరం పోకపోతే అక్కడ ఖాళీ ఉందన్నమాట. పాస్‌వర్డు గడి పక్కన కన్ను బొమ్మ ఉంటే దాన్ని నొక్కి, కొట్టింది కళ్లతో చూసుకోండి. కీబోర్డు తెలుగులో ఉంటే ఇంగ్లిషుకు మార్చండి. తెలుగు కీబోర్డులో అంకెల మీట గట్టిగా నొక్కి పట్టుకుంటే తెలుగు అంకెలు పడే అవకాశం ఉంది, పోర్టల్ వాటిని గుర్తించదు.

వంకర అక్షరాల బొమ్మ, అదే క్యాప్చా, అర్థం కాకపోతే తంటాలు పడవద్దు. పక్కన గుండ్రటి బాణం గుర్తు నొక్కితే మరొకటి వస్తుంది. స్పష్టంగా ఉన్నది వచ్చేదాకా మార్చుకోవచ్చు. పాస్‌వర్డు తప్పు పడితే కొన్ని పోర్టళ్లు ఖాతాను కొంతసేపు మూసేస్తాయి. రెండుసార్లు తప్పు పడగానే ఆగండి. మూడోది కొట్టే ముందు పైన చెప్పినవన్నీ సరిచూసుకోండి.

తక్కువ ధర ఫోన్లలో ఇంకొక ఇబ్బంది ఉంది. ఓటీపీ చూడటానికి మెసేజీల్లోకి వెళ్లి తిరిగి వచ్చేసరికి పేజీ మళ్లీ మొదటి నుంచి తెరుచుకుంటుంది. ఫోనులో చోటు చాలక బ్రౌజర్ ఆ పేజీని వదిలేసింది. దీనికి మందు సులువైనది. లాగిన్ మొదలుపెట్టకముందే మిగతా యాప్‌లన్నీ మూసేయండి. ఓటీపీ రాగానే మెసేజీ తెరవకుండా తెర పైఅంచు నుంచి కిందికి లాగి, అక్కడే ఆరు అంకెలు చూసి కాగితం మీద రాసుకోండి. లేదా సిమ్‌ను ఇంట్లో మరొక ఫోనులో ఉంచి, పోర్టల్ ఈ ఫోనులో తెరవండి. వెనక్కి వెళ్లే బాణం నొక్కవద్దు, పేజీలో ఉన్న మీటలతోనే ముందుకూ వెనక్కూ వెళ్లండి.

ఫలితాలు వచ్చిన గంటలోనూ, ఫీజు ఆఖరి రోజునా పేజీ కదలకపోతే తప్పు మీ ఫోనుది కాదు. వేలమంది ఒకేసారి తలుపు తడుతున్నారు. తెల్లవారుజామున లేచి ప్రయత్నించండి. తాడ్వాయి, ఏటూరునాగారం వైపు అడవి ఊళ్లలో సిగ్నల్ అందేచోటు మీకే బాగా తెలుసు. అక్కడికి వెళ్లేముందు ఫోను పూర్తిగా ఛార్జి చేసుకుని, నింపాల్సిన వివరాలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లండి.

ఓటీపీ రాకపోతే

ముందు రీచార్జి చూడండి. గడువు తీరి రోజులు గడిస్తే వచ్చే మెసేజీలు కూడా ఆగిపోతాయి. సిమ్ పోయి కొత్తది తీసుకున్నారా? టెలికాం శాఖ నిబంధన ప్రకారం, సిమ్ మార్చిన తర్వాత 24 గంటలపాటు ఎస్‌ఎంఎస్‌లు ఆపి ఉంచుతారు. మీ పేరుతో మోసగాళ్లు సిమ్ తీసుకుంటే డబ్బు కాజేయకుండా పెట్టిన జాగ్రత్త అది. ఆ ఒక్కరోజు ఓపిక పట్టడం తప్ప వేరే దారి లేదు. కాబట్టి గడువు ముందురోజు సిమ్ మార్చుకోవద్దు. మెసేజీల యాప్‌లో స్పామ్ అన్న అర కూడా తెరిచి చూడండి, ఓటీపీలు కొన్నిసార్లు అందులో పడతాయి. మళ్లీ పంపమని వరుసగా నొక్కితే పాతవన్నీ చెల్లకుండా పోతాయి, ఆఖరున వచ్చినదే పనిచేస్తుంది. ఒకసారి నొక్కి, రెండు నిమిషాలు ఆగండి.

వాడకుండా వదిలేసిన సిమ్ గురించి ఒక మాట తప్పకుండా తెలుసుకోవాలి. ప్రీపెయిడ్ నంబరును 90 రోజులపాటు ఏ రకంగానూ వాడకపోతే కంపెనీ దాన్ని ఆపేయవచ్చు, తర్వాత అదే నంబరును వేరొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మీ పోర్టల్ ఓటీపీ ముక్కూ ముఖం తెలియని మనిషికి వెళ్తుంది. పాత సిమ్‌ను వదిలేయాలనుకుంటే ముందు పోర్టల్‌లో కొత్త నంబరు ఎక్కించండి, పాతది ఆ తర్వాతే వదలండి.

నంబరే మీది కాకపోతే

లోపలికి వెళ్లగలిగితే ప్రొఫైల్‌లో మార్చుకోవచ్చు. వెళ్లలేకపోతే దరఖాస్తు రాయక తప్పదు. ఇందుకు నెట్ సెంటర్‌లో డబ్బులివ్వాల్సిన పని లేదు, తెల్లకాగితం చాలు. ఇలా రాయండి:

"పరీక్షల నియంత్రణాధికారి గారికి, ప్రిన్సిపాల్ గారి ద్వారా. అయ్యా, నేను ఫలానా కళాశాలలో ఫలానా కోర్సు ఫలానా సెమిస్టర్ చదువుతున్నాను. నా హాల్ టికెట్ నంబరు ఇది. విద్యార్థి పోర్టల్‌లో నా పేరు మీద నమోదైన ఫోను నంబరు నాది కానందున ఓటీపీ నాకు అందడం లేదు. దయచేసి ఆ నంబరు తొలగించి, ఈ కింది నంబరును, ఈమెయిల్‌ను నమోదు చేయగలరని మనవి. కళాశాల గుర్తింపు కార్డు, పదో తరగతి మెమో నకళ్లు జత చేశాను."

కింద తేదీ, సంతకం పెట్టండి. రెండు ప్రతులు రాయండి. ఒకటి కార్యాలయంలో ఇచ్చి, రెండోదాని మీద ముట్టినట్లు సంతకం, ముద్ర, తేదీ వేయించుకోండి. ఈ రెండో ప్రతిని అడగడానికి పిల్లలు మొహమాటపడతారు. పడకండి, అది మీ హక్కు. రేపు గడువు దాటినా, తప్పు మీది కాదని చూపించడానికి మీ చేతిలో ఉండేది ఆ ఒక్క కాగితమే. ముందుగా మీ కళాశాలలోనే అడిగి చూడండి. కొన్ని యూనివర్సిటీలు నంబరు మార్చే వెసులుబాటు కళాశాల లాగిన్‌కే ఇస్తాయి, అప్పుడు యూనివర్సిటీ దాకా వెళ్లనక్కరలేదు.

ఆధార్‌లో నంబరు మార్పించుకున్నాం కదా, పోర్టల్‌లోనూ మారిపోయి ఉంటుందని చాలామంది అనుకుంటారు. మారదు. అది వేరు, ఇది వేరు.

లోపలికి వెళ్లాక

ఫీజు పేజీకి పరుగెత్తేముందు ప్రొఫైల్ తెరిచి మీ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఫొటో, సబ్జెక్టులు చూడండి. రేపు మెమో మీద, పట్టా మీద ఈ అక్షరాలే అచ్చవుతాయి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే దరఖాస్తు పెట్టండి, పట్టా అచ్చయ్యాక దిద్దించడానికి తిరగాల్సి వస్తుంది. అపార్ ఐడీ అని 12 అంకెల నంబరు అడిగితే అది డిజీలాకర్‌లో దొరుకుతుంది. మీ సెమిస్టర్ల క్రెడిట్లు జమయ్యేది దాని కిందే.

ఫీజు కట్టేటప్పుడు ఖాతాలో డబ్బు తగ్గి, పోర్టల్‌లో 'చెల్లించలేదు' అనే కనబడటం తరచుగా జరిగేదే. గాభరాపడి వెంటనే రెండోసారి కట్టకండి. యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు మీద నొక్కితే 12 అంకెల లావాదేవీ నంబరు ఉంటుంది, రాసుకోండి. యాప్‌లో 'విఫలమైంది' అని ఉంటే డబ్బు వెనక్కి వస్తుంది. రిజర్వ్ బ్యాంకు 2019లో పెట్టిన నియమం ప్రకారం 5 రోజుల్లోగా తిరిగి జమ కావాలి, దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలి. యాప్‌లో 'విజయవంతం' అని ఉంటే డబ్బు అవతలికి చేరింది, పోర్టల్‌లో ఎక్కడం ఆలస్యమవుతోంది. కొన్ని గంటలు ఆగి చూసి, అప్పటికీ ఎక్కకపోతే ఆ 12 అంకెలతో పరీక్షల విభాగానికి రాయండి. ఆఖరి రోజున కడితే ఈ ఆగడానికి సమయం ఉండదు. గడువుకు వారం ముందే కట్టండి.

కట్టాక రసీదును పీడీఎఫ్‌గా దించుకుని మీ ఈమెయిల్‌కు మీరే పంపుకోండి. ఫోను పోయినా అది ఉంటుంది.

నెట్ సెంటర్‌కు వెళ్లక తప్పనప్పుడు

నయీంనగర్‌లోనో, నర్సంపేటలోనో, పరకాలలోనో నెట్ సెంటర్ నడిపేవాళ్లు మన పిల్లలకు ఎంతో సాయం చేస్తున్నారు. అర్ధరాత్రి దాకా కూర్చుని దరఖాస్తులు నింపేవాళ్లను ఎరుగుదును. వాళ్ల దగ్గరికి వెళ్లడం తప్పు కాదు. తాళంచెవి మాత్రం వాళ్ల దగ్గర వదిలి రాకూడదు. కొన్ని కొట్లలో బల్ల మీద పొడవాటి రిజిస్టరు ఉంటుంది. పేరు, హాల్ టికెట్ నంబరు, పాస్‌వర్డు, వరుసగా వందలమందివి. పాపం, పిల్లలు మరిచిపోతే చెప్పడానికని మంచి ఉద్దేశంతోనే రాస్తారు. కానీ ఆ రిజిస్టరు అక్కడికి వచ్చే ప్రతివాళ్లకూ కనబడుతుంది. మీ పాస్‌వర్డును అందులో రాయనివ్వకండి. "నేనే టైపు చేస్తాను అన్నా" అని చెప్పి కీబోర్డు మీరు తీసుకోండి. ఎవరూ ఏమీ అనుకోరు.

బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరవమనండి, అందులో చేసిన లాగిన్ కిటికీ మూయగానే చెరిగిపోతుంది. పాస్‌వర్డు దాచుకోవాలా అని అడిగితే వద్దని నొక్కండి. దించుకున్న ఫైళ్లు డౌన్‌లోడ్స్‌లో ఉండిపోతాయి, వాటిని చెరిపేయించండి. మెమో పీడీఎఫ్ పంపడానికి ఆ కంప్యూటర్‌లో మీ వాట్సాప్ తెరిచారా? ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. మీ ఫోనులోనే వాట్సాప్‌లో 'లింక్డ్ డివైజెస్' అన్నచోటికి వెళ్లి ఆ కంప్యూటర్‌ను తొలగించండి. ఇంటికి వచ్చాక గుర్తొచ్చినా ఇది చేయవచ్చు.

ఫలితాల రోజుల్లో "పరీక్షల విభాగం నుంచి మాట్లాడుతున్నాం, ఒక సబ్జెక్టు పోయింది, ఓటీపీ చెప్తే మార్కులు కలుపుతాం" అంటూ ఫోన్లు వస్తే పెట్టేయండి. ఏ యూనివర్సిటీ ఉద్యోగికీ మీ ఓటీపీతో పని ఉండదు. పొరపాటున చెప్పి డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోవద్దు, అమ్మానాన్నలు తిడతారని ఆగవద్దు. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు బ్యాంకులో ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇక చివరి పని. అన్నీ అయ్యాక లాగౌట్ నొక్కి బయటకు రండి. ఫోను పక్కన పెట్టి, ఒక గ్లాసు మంచినీళ్లు తాగి, ఈసారి ఈ కాగితం చూడకుండా, ఎవరినీ అడగకుండా, మొదటి నుంచి మళ్లీ లోపలికి వెళ్లి చూడండి. ఎక్కడైనా ఆగిపోతే ఆ చోటును నోటుపుస్తకంలో రాసుకుని, రేపు కళాశాలలో అడగండి. ఫీజు నోటిఫికేషన్ రాకముందే.